మా రెఫిలోయె

జులై. మొఖొట్లాంగ్ కొండల్లో మోకాలి లోతు మంచు.
అంబులెన్సు కనుమ అవతలే ఆగిపోయింది.
గుర్రం ఆగలేదు.

దాని ముక్కుల్లోంచి పొగ,
వీపు మీద రెండు దుప్పట్ల కింద ఒక మూలుగు,
కళ్ళెం పట్టుకుని మరిది సెఖొబే, కనుబొమల మీద మంచు.
"రెండు రాత్రులు" అన్నాడు. ఇంకేం అనలేదు.

పేరు అడిగాను.
మా రెఫిలోయె, అంది పళ్ళ బిగువున.
ఇక్కడ పెళ్ళినాడే కోడలికి పేరు పెడతారు,
ఇంకా కడుపున పడని తొలిచూలు పేరు కలిపి.
మా అంటే అమ్మ.
రెఫిలోయె అంటే, మాకు దక్కింది.
దక్కనిదాన్ని దక్కినట్టే
మూడేళ్ళుగా పిలుస్తోంది ఊరంతా.

దుప్పటి తీశాను.
బిడ్డ అడ్డం తిరిగింది.
తల రావలసిన దారిలో చెయ్యి,
మోచేతి దాకా, వంకాయ రంగులో, వాచి.
ఇరవై ఏళ్ళుగా మత్తిచ్చే నర్సుని,
ఇలా చెయ్యి ముందొస్తే ఇప్పటికీ నా కాళ్ళలో బలం ఉండదు.
ఎవరో పట్టి లాగిన గుర్తులున్నాయి.
ఎవరని అడగలేదు. లాగినవాళ్ళదీ ప్రేమే.

ఆ అరచేతిలో వేలు పెట్టాను.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత
పట్టీ పట్టనట్టు
మూసుకుంది.

డాక్టర్ ఇలుంగా కాంగో మనిషి,
చలిని తిట్టుకుంటూ చేతులు కడుగుతున్నాడు.
జెనరేటర్లో డీజిల్ పేరుకుపోతే
కాపలా ముసలాయన దాని కింద కుంపటి పెట్టి ఊదుతున్నాడు,
నిప్పు తేరాదన్న బోర్డుకి వీపు తిప్పి.
భర్త గనిలో ఉన్నాడు, భూమికి రెండు మైళ్ళ కింద.
కాగితం మీద ఆమే వేలిముద్ర వేసింది.
సిరా ఆరకముందే ఇంకో నొప్పి,
ముద్రకి తోక మొలిచింది.

కెటమిన్ ఎక్కించాను.
కళ్ళు తెరిచే నిద్రపోయింది.

"చిరిగింది" అన్నాడు ఇలుంగా ఫ్రెంచిలో,
తర్వాత మా భాషలో,
తర్వాత ఏ భాషా లేకుండా.
చెలమలా రక్తం ఊరుతోంది.
కాళ్ళు దొరకబుచ్చుకుని బిడ్డని తీశాడు.
ముందొచ్చిన చెయ్యి ఆఖరున వచ్చింది,
గడప దాటిన మనిషి మళ్ళీ లోపలికెళ్ళి
పెరటి గుమ్మంలోంచి వచ్చినట్టు.

ఏడవలేదు.
పలేసా చిన్న సంచి నొక్కుతోంది, లెక్కపెడుతూ.
నా వేళ్ళు తల్లి నాడి మీద,
చెవులు అటు.
రక్తం రెండు సంచులే ఉంది. రెండూ అయ్యాయి.
మూడోది సెఖొబే ఇచ్చాడు, కళ్ళెం పట్టిన చేతిలోంచి.
కుట్టడానికి అంచు మిగల్లేదు.
గర్భసంచి తీసి స్టీలు గిన్నెలో వేశారు.
ఆ చప్పుడు ఆమె తెరిచిన కళ్ళకి వినబడకూడదని
నేనేదో గట్టిగా అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

అప్పుడు ఏడ్చింది.
గొర్రెపిల్ల దగ్గినట్టు, ఒక్కసారి.
తర్వాత ఇంక ఆపలేదు.

తెల్లారి చెప్పవలసింది నేనే.
ఇలుంగాకి భాష చాలలేదు, నాకు ధైర్యం.
ఇక కానుపులుండవన్నాను.
రేకుల మీంచి జారే మంచుని ఆమె చాలాసేపు విన్నది.
"మా అత్తావాళ్ళు కూడా
ఒక్క పేరే అనుకున్నారులే" అంది.

పొత్తిగుడ్డలు విప్పి
ముందు మొహం చూడలేదు. ఆ చెయ్యి చూసింది.
పలేసా తొడిగిన ఉన్ని మేజోడు తీసి
వాచిన వేళ్ళ మీద ఊదింది,
పొయ్యిలో నిప్పు నిలబెడుతున్నట్టు.

రిజిస్టర్లో తల్లి పేరు గడి నింపాను.
మా రెఫిలోయె.
పక్కన బిడ్డ పేరు గడిలో
నిద్రలేని చెయ్యి మళ్ళీ 'మా' అనే మొదలుపెట్టింది.
కొట్టేశాను,
ఒకే ఒక్క గీతతో,
చదవడానికి వీలుగా.